కొలబద్ద చూసిన బూడిద రంగు

మా బావ రోజూ పొద్దున ఎనిమిదింటికి షాపు షట్టరు ఎత్తి, ప్రింటరు స్విచ్చి కూడా వెయ్యకముందే, అరచేతంత బూడిద రంగు అట్టముక్క ఒకటి తీసుకెళ్ళి కిటికీ దగ్గర నిలబెడతాడు. రెండు నిమిషాలు దానికేసి చూస్తాడు. ఎర్రదనం గానీ పచ్చదనం గానీ అంటకుండా అది ఒట్టి బూడిదగా కనిపిస్తే, ఆ రోజుకు తన కన్ను సరిగ్గా ఉన్నట్టు లెక్క. పదకొండేళ్ళలో ఆ అట్ట ఒక్కరోజు కూడా ఆయనకు బూడిదగా కనిపించకపోలేదు. ఆ సంగతే ఆయన్ను అనుమానంలో పడెయ్యాల్సింది. పడెయ్యలేదు.

"కన్ను బాగుందో లేదో కన్నునే అడిగేవాణ్ణిరా," అంటాడు ఇప్పుడు. "దొంగను పిలిచి, ఏమయ్యా నువ్వు దొంగవా అని అడిగి, కాదన్నాక టీ ఇచ్చి పంపినట్టు."

బావ అంటే మా అక్కయ్య భర్త. ఫోటోలు తీసేవాళ్ళు తెచ్చిన బొమ్మలను మంచి కాగితం మీద ఇంక్‌జెట్ ప్రింటరుతో అచ్చువేసి ఇవ్వడం ఆయన పని. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు నేను పనిచేసే పత్రికలోనే ఫోటోల గదిలో ఉన్నాడు. పేజీ అచ్చుకు పోయే ముందు బొమ్మల్లో రంగులు సరిచేసేవాడు. ఒకసారి ఎవరో ఆటల ఫోటో తెచ్చిస్తే దాంట్లో గడ్డి రంగు చూసి, "ఇది నిన్నటి ఆట కాదు, పోయినేడాది ఎండాకాలంది" అన్నాడు. ఆరా తీస్తే నిజమే. ఆ రోజు నుంచి ఆఫీసంతా ఆయన్ను కొలబద్ద అని పిలవడం మొదలుపెట్టింది. పేరు పెట్టింది మేము, నమ్మింది ఆయన. తప్పు ఎవరిది ఎంతో ఇప్పటికీ తేలలేదు.

షాపు ఒక పొడుగాటి గది. ముందు గాజు తలుపు, వెనక మంచమంత ప్రింటరు, దానికీ తలుపుకూ మధ్య కాగితాల పెట్టెలు, పక్కన అక్కయ్య కోత బల్ల. అచ్చయిన కాగితాలను కొలతకు కోసి, అట్టకు అతికించి, కవర్లో పెట్టే పని ఆమెది. గోడలకు బూడిద రంగు వేయించాడు బావ. రంగు గోడ పక్కన ఫోటో పెట్టి చూస్తే ఆ గోడ రంగు ఫోటో మీద పడి కన్ను మోసపోతుందట. అదే లెక్కన తనూ బూడిద చొక్కాలే తొడుగుతాడు. తొమ్మిది ఉన్నాయి. "మా పెళ్ళి ఫోటోలో తప్ప ఈయన ఒంటి మీద రంగు చూసినవాళ్ళు లేరు," అంటుంది అక్కయ్య. అంత జాగ్రత్త మనిషి. గోడను నమ్మడు, చొక్కాను నమ్మడు, కిటికీలోంచి వచ్చే ఎండను నమ్మడు. కంట్లో ఏముందో మాత్రం చూసుకోలేదు.

ఈ పనిలో ఉన్న తిరకాసంతా కాగితంతోనే. ఒకే ఇంకు ఒక కాగితంలోకి ఇంకిపోతుంది, ఇంకో కాగితం పైనే నిలబడి మెరుస్తుంది. అద్దంలా తళతళలాడే కాగితాన్ని గ్లాసీ అంటారు, మెరుపే లేనిదాన్ని మ్యాట్ అంటారు, రెండింటికీ నడుమ సన్నని గరుకుతో లస్టర్ అని ఒకటుంది. ఏ కాగితం వాడితే దానికి తగిన ప్రొఫైల్ పెట్టాలి. ప్రొఫైల్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే బావ కుర్చీ వెనక్కి వాల్చి చెబుతాడు: "ఒక్కో కాగితానికి ఒక్కో దాహం. ఏది ఎంత తాగుతుందో ప్రింటరుకు ముందే రాసిచ్చే చీటీ అది." చీటీ అంటే కంప్యూటరులో ఒక చిన్న ఫైలు. ఒక కాగితం చీటీ పెట్టి ఇంకో కాగితం మీద కొడితే పెళ్ళికూతురు కామెర్ల రోగిలా వస్తుంది.

ఆ చీటీ తయారుచెయ్యడానికి గుప్పెడంత మీటరు ఒకటుంది. కొత్త కాగితం మీద తొమ్మిది వందల రంగు గళ్ళు అచ్చువేసి, ఆ మీటరును వరస వెంట వరస జరుపుతూ పోతే, ఏ గడి ఏ రంగులో వచ్చిందో అది కొలిచి చెబుతుంది. షాపు పెట్టిన కొత్తలో బావ దాన్ని ముచ్చటపడి కొన్నాడు. కొన్నేళ్ళు దాని మాటే విన్నాడు. తర్వాత ఇద్దరికీ చెడింది.

చెడటం మూడేళ్ళ కిందట మొదలైంది. బావకు తెల్ల కాగితాలు పసుపుగా కనిపించసాగాయి. కాగితాలు సరఫరా చేసే ఏజెంటు షాపులోకి అడుగు పెట్టడమే పాపం, పట్టుకునేవాడు.

"ఏవయ్యా, దీన్ని తెలుపంటారా మీ ఊళ్ళో?"

"తెలుపే మాస్టారూ."

"ఇది తెలుపైతే మా కుళాయి నీళ్ళు పాలు."

"పోయిన నెల ఇదే పెట్టె తీసుకున్నారు కదండీ."

"అప్పుడు బాగుంది. ఇప్పుడు మీ గోడౌన్లో ముసలిదై వచ్చింది."

"పెట్టె మీద తేదీ చూడండి మాస్టారూ. పుట్టి నలభై రోజులు. మాటలు కూడా రాని వయసు."

బావ ఆ పెట్టె తిప్పి పంపేశాడు. ఇంకో రకం తెప్పించాడు. అదీ పసుపే. ఆ తర్వాత మరో రకం. ఈ లోపల గ్లాసీ కాగితం మెరుపు కళ్ళలో పొడవడం మొదలైంది. అది కంటి బాధ అయ్యుండొచ్చని ఆయనకు తట్టలేదు. తన అభిరుచి పెరిగిందనుకున్నాడు. "మెరుపు చూసి మురిసిపోయే వయసు దాటాను" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి మ్యాట్‌కు మారాడు. షాపులో రెండు ట్యూబులైట్లు ఉండేవి. వెలుతురు చాలడం లేదని నాలుగు చేశాడు, ఆరు చేశాడు. కోత బల్ల దగ్గర కూర్చోవాలంటే నల్లద్దాలు కొనుక్కోవాల్సి వచ్చేట్టుందని అక్కయ్య అనేది.

చివరికి మీటరు మీద పడ్డాడు. అది చేసిచ్చిన ప్రొఫైల్ పెట్టి కొడితే ఏ ప్రింటైనా పచ్చగా, నీరసంగా కనిపిస్తోందని, మీటరు పాడైందని తీర్మానించి సొరుగులో పడేశాడు. అన్ని ప్రొఫైళ్ళ మీదా తన చేత్తో ఒక సవరణ పెట్టాడు. పసుపు తగ్గించి నీలం పెంచడమే ఆ సవరణ. దానికి "నా దిద్దుబాటు" అని పేరు. మొదట రెండు పాళ్ళు నీలం పెంచాడు. ఆరు నెలలకు నాలుగు. ఇంకో ఏడాదికి తొమ్మిది. సొరుగులోంచి మీటరును అక్కయ్య బయటికి తీసింది. కోసిన కాగితాలు ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా వాటి మీద బరువు పెట్టడానికి.

ఆమె ఊరుకోలేదు, పాపం. మొదట్లోనే చెప్పింది.

"ఏమండీ, ఈ ఫోటోల్లో అందరూ చలికి వణుకుతున్నట్టున్నారు."

"నీకు తెలియదు, ఊరుకో. నువ్వు కోత చూసుకో."

"సరే, నా కత్తికి రంగులు తెలియవు లెండి."

ఆ తర్వాత ఆమె రంగుల గురించి నోరెత్తలేదు.

మిగతా లోకం ఇంకా ఘోరం. పెళ్ళి ఫోటోలు తీసే ఒకాయన, "మాస్టారూ, మీ ప్రింట్లో ఉండే చలవ ఇంకెక్కడా రాదు" అని పక్క వీధి నుంచి కూడా పని తెచ్చిపెట్టాడు. ఇంకో స్టూడియో వాళ్ళు ఆ చలవ ఎలా వస్తుందో తెలుసుకోవడానికి ఒక ప్రింటు కొనుక్కుపోయి నెల రోజులు తలలు పగలగొట్టుకున్నారట. మా ఇంట్లోనూ హాల్లో ఒక కుటుంబం ఫోటో ఉంది, బావ ప్రింటు చేసిందే. చూసినవాళ్ళు "ఏదైనా చల్లటి చోట తీయించుకున్నారా?" అని అడిగితే అవునన్నాను. మా మేడ మీద తీసింది, నడి ఎండాకాలంలో. నేను పత్రికలో చేసేది తప్పులు పట్టుకునే ఉద్యోగం.

ఇలా ఉండగా ఒక చర్మవ్యాధుల డాక్టరు షాపుకు వచ్చింది. పెద్ద ఆసుపత్రిలో పనిచేస్తూ నర్సింగు విద్యార్థులకు పాఠాలు చెబుతుంది. యాభై ఏళ్ళుంటాయి, మాట పొదుపు. తను తీసిన నలభై ఎనిమిది ఫోటోలు తెచ్చింది. తామర, గజ్జి, బొల్లి, సోరియాసిస్, దద్దుర్లు. వాటిని పెద్దవి చేసి క్లాసు గోడలకు పెట్టాలి. తర్వాతి నెల ఇరవై రెండున క్లాసులు మొదలు.

"పుస్తకాల్లో ఉండేవన్నీ తెల్ల చర్మం మీద జబ్బులు మాస్టారూ. మన దగ్గరికొచ్చే రోగులు నల్లవాళ్ళు, చామనఛాయ వాళ్ళు. నల్ల చర్మం మీద వాపు ఎర్రగా కనిపించదు, కొంచెం ఊదా కలిసి కనిపిస్తుంది. పిల్లలు గోడ మీద చూసింది రేపు రోగి ఒంటి మీద గుర్తుపట్టాలి. రంగు మీరు తప్పితే మందు వాళ్ళు తప్పుతారు."

"మేడమ్, నన్ను కొలబద్ద అంటారు," అన్నాడు బావ.

ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఇప్పుడు నుదురు కొట్టుకుంటాడు. "అడగని బిరుదు చెప్పుకున్నానురా. అదీ నెత్తిన ఆరు ట్యూబులైట్లు వెలుగుతుంటే."

నలభై ఎనిమిదీ మ్యాట్ కాగితం మీద, "నా దిద్దుబాటు"తో సహా అచ్చువేసి, అట్టలకు అతికించి, తర్వాతి నెల రెండో తేదీన స్వయంగా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు వాటిని బల్ల మీద పరిచింది. ఒక్కొక్కటే చూసింది. తన పొదుపు మాటల్లో తీర్పు చెప్పింది:

"నేను మీకిచ్చింది చర్మరోగులను. మీరు తెచ్చింది గుండెరోగులను."

గుండె జబ్బుతో రక్తానికి ప్రాణవాయువు చాలకపోతే పెదవులూ గోళ్ళూ నీలంగా మారతాయట. బావ అచ్చువేసిన నలభై ఎనిమిది మందికీ గోళ్ళు నీలంగానే ఉన్నాయి. దద్దుర్లయితే దెబ్బ తగిలి కమిలినట్టున్నాయి. పైగా మ్యాట్ కాగితం ముదురు ఎరుపులను మింగేసింది. ఎక్కడ వాపు ఉందో, ఎక్కడ లేదో డాక్టరుకే వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఈ గదిలో లైట్లు సరిలేవు మేడమ్," అన్నాడు బావ.

మర్నాడు తన షాపులోని లైటు ఒకటి విప్పి, సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. ఆ లైటు కింద గుండెరోగులు ఇంకా ముదిరారు.

ఆ వారమంతా ఆయన పడ్డ పాట్లు అక్కయ్య ఇప్పటికీ అభినయించి చూపిస్తుంది. మూడు రకాల కాగితం తెప్పించాడు. ఒక్కో కాగితం మీద మూడేసి ప్రొఫైళ్ళు మార్చి ఒకే మోచేతిని తొమ్మిదిసార్లు అచ్చువేశాడు. తొమ్మిదింటినీ తాడుకు వేలాడదీసి, దూరం నుంచి, దగ్గర నుంచి, తల వంచి చూశాడు. ఇంకు మార్చాడు. ప్రింటరులో ఇంకు చిమ్మే తల కడిగాడు. తన తల గోక్కున్నాడు. మార్చనిది ఒక్కటే, "నా దిద్దుబాటు". అన్నిటికన్నా నీలంగా ఉన్నదాన్ని ఏరి, "ఇదిగో, ఇదీ చర్మమంటే" అన్నాడు. ఎనిమిదో తేదీన మళ్ళీ తీసుకెళ్ళాడు.

డాక్టరు ఈసారి ప్రింట్లు చూడలేదు. వాటిని బావ ఎలా చూస్తున్నాడో చూసింది. కిటికీకి వీపు పెట్టి, కాగితం పక్కకు వంచి, కళ్ళు చికిలించి చూస్తున్నాడు. ఆమె లేచి జేబులోంచి చిన్న టార్చి తీసింది.

"ఇలా తిరగండి."

"ఫోటోలు చూడండి మేడమ్, నా మొహంలో ఏముంది?"

"అదే చూస్తున్నా." రెండు కళ్ళలోకీ టార్చి వేసింది. "కంటి విభాగం రెండంతస్తులు కింద. నేను ఫోను చేస్తాను. ఇప్పుడే వెళ్ళండి."

కంటి డాక్టరు కుర్రవాడు. పరీక్ష చేసి, రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయన్నాడు. "శుక్లం పెరిగేకొద్దీ కంటి లోపలి కటకం పసుపెక్కుతుందండీ. మీరు మూడేళ్ళుగా పసుపు అద్దాల్లోంచి చూస్తున్నారు. అద్దాలు బయట కాకుండా లోపల ఉన్నాయి, అంతే. వెలుతురు చాలకపోవడం, మెరిసేవి కళ్ళలో పొడవడం, అన్నీ దీని వల్లే. ఇంతకూ మీరేం పని చేస్తారు?"

రంగుల పని అని చెప్పడానికి బావకు నోరు రాలేదు. "కాగితాల వ్యాపారం," అన్నాడట.

ఇంటికొచ్చి అక్కయ్యకు చెప్పాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతాయేమోనని బావ కంగారుపడ్డాడు. ఆమె పడకగది వైపు చూపించింది.

"అయితే ఆ పరదాలు?"

"ఏ పరదాలు?"

"తెల్లవని చెప్పి మీరు ఏరి తెచ్చినవి. లేత నీలం అవి. ఏడాదిన్నర నుంచి చూస్తున్నా. చెబితే కోత చూసుకోమంటారని ఊరుకున్నా."

కుడికన్నుకు పదో తేదీన కటకం మార్చే ఆపరేషన్. రెండో కన్ను కొన్ని వారాలు ఆగి చేస్తారు. ఆసుపత్రికి నేనూ వెళ్ళాను. పిలుపు కోసం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. బావ గొంతు తగ్గించి అడిగాడు.

"ఒరేయ్, ఇది అయ్యాక నాకు రంగులు తెలియకుండా పోతే?"

"పోతే మాతో సమానం అవుతావు బావా."

"అదేరా భయం."

ఆయన నవ్వాడు గానీ అది నవ్వులాట కాదు. ప్రింటరు ఎవరైనా కొనుక్కోవచ్చు, కాగితం ఎవరైనా తెప్పించుకోవచ్చు. ఆ షాపుకు జనం వచ్చేది ఆయన కన్ను కోసం. ఆ కన్ను మూడేళ్ళుగా తప్పు చెబుతోందని తేలింది. కొత్తది ఏం చెబుతుందో తెలియదు. పన్నెండు రోజుల్లో నలభై ఎనిమిది ఫోటోలు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది, పోతే పోనీ. కొలబద్ద రోగుల రంగు మార్చేశాడన్న మాట మాత్రం ఆసుపత్రి గోడలు దాటుతుంది. మా ఊరి ఆసుపత్రి గోడలు అంత ఎత్తువేమీ కాదు.

మర్నాడు కట్టు విప్పారు. బావ కన్ను తెరిచి నర్సును చూశాడు, దుప్పటిని చూశాడు, కిటికీలోంచి ఆకాశాన్ని చూశాడు.

"ఎలా ఉంది?" అంది అక్కయ్య.

"లోకమంతా నేను ప్రింటు కొట్టినట్టే ఉందే."

అన్నీ నీలంగా కనిపిస్తున్నాయన్నమాట. కొన్నాళ్ళు అలాగే ఉంటుందని, పసుపుకు అలవాటు పడ్డ మెదడు సర్దుకోవడానికి టైము పడుతుందని కుర్ర డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్ళని అడిగితే, ఒక్కొక్కరికి ఒక్కోలాగ అన్నాడు. వారం పాటు వంగొద్దు, బరువులెత్తొద్దు అన్నాడు. రంగులు చూడొద్దని మాత్రం అనలేదు.

పద్దెనిమిదిన షాపుకు వచ్చాడు. ముందు బూడిద అట్ట తీసి కిటికీ దగ్గర పెట్టాడు. ఎడమకన్ను మూసి కుడికన్నుతో చూశాడు. బూడిదే, కాస్త నీలం వాలుతో. కుడికన్ను మూసి ఎడమకన్నుతో చూశాడు. టీ మరక. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. వీధిలో పోయేవాళ్ళకు ఎవరికో కన్ను కొడుతున్నట్టే కనిపించి ఉంటాడు. మూడేళ్ళపాటు రోజూ పొద్దున టీ మరకను చూసి, బూడిద అని సంతకం పెట్టి, పనిలో దిగాడు.

తర్వాత గోడ మీది నమూనా ఫోటోల దగ్గరికి వెళ్ళాడు. పద్నాలుగు ఉన్నాయి, అన్నీ ఆయన గొప్పగా చెప్పుకునేవే. ఒక్కొక్కటే చూసి, ఒక్కొక్కదాన్నే గోడవైపు తిప్పి పెట్టాడు. పద్నాలుగోది అక్కయ్య ఫోటో. అదొక్కటీ తిప్పబోతే ఆమె ఆపింది.

"ఉండనివ్వండి. నలుగురికీ తెలియాలి, ఈ ఇంట్లో నాకు ఎంత చలో."

ఆయన కోత బల్ల దగ్గరికి వచ్చి, కాగితాల దొంతర మీది మీటరు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

కాగితం ఏది వాడాలన్నది మొదటి ప్రశ్న. గ్లాసీలో ఎరుపులు బాగా నిలుస్తాయి గానీ, క్లాసులో కిటికీల వెలుతురు పడి వెనక బెంచీలకు మెరుపు తప్ప ఏమీ కనిపించదు. మ్యాట్ సంగతి తెలిసిందే. లస్టర్ తీయించాడు. ఒకప్పుడు "ఇది తెలుపా?" అని ఏజెంటు మీద విరుచుకుపడ్డ రకం అది. అప్పుడు తిప్పి పంపగా అటక మీద ఒకటి మిగిలిపోయింది. తను బరువెత్తకూడదు కాబట్టి అక్కయ్యే స్టూలెక్కి దించింది. ఆమే ప్రింటరులో పెట్టింది. తొమ్మిది వందల గళ్ళు అచ్చయ్యాయి. ఆరడానికి ఒక పూట వదిలేశారు. మధ్యాహ్నం బావ మీటరు పట్టుకుని వరసల వెంట జరపడం మొదలుపెట్టాడు. చెయ్యి కాస్త తప్పితే వరస మొదటికొస్తుంది. ఆయన చెయ్యి మొదటి మూడు వరసలకే నాలుగుసార్లు మొదటికొచ్చింది. అక్కయ్య మీటరు లాక్కుంది. పదకొండేళ్ళుగా స్కేలు పక్కన కత్తి నడుపుతున్న చెయ్యి ఆమెది. మిగతా ఇరవై ఏడు వరసలూ ఒక్క తప్పు లేకుండా లాగేసింది.

కొత్త ప్రొఫైల్ తయారైంది. "నా దిద్దుబాటు" ఫైలును బావ చెరిపేశాడు. చెరిపేయనా అని కంప్యూటరు రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అవునన్నాడు. మొదటి ఫోటోగా ఆ మోచేతినే అచ్చువేశారు. ప్రింటు బయటికొచ్చింది. బావ కుడికన్నుతో చూశాడు.

"కొంచెం నీలం ఉంది. ఒక్క రెండు పాళ్ళు పసుపు కలుపుదాం."

అక్కయ్య మౌసు మీద చెయ్యి పెట్టింది. "ఎడమకన్నుతో చూడండి."

చూశాడు. "పచ్చగా ఉంది. నీలం కావాలి."

"ఏ కంటి మాట వినమంటారు?"

"నాకు తెలుసే, చర్మం ఎలా ఉండాలో."

"మూడేళ్ళుగా తెలుసు. ముట్టుకోవద్దు."

"రెండు పాళ్ళే..."

"పోయినసారీ రెండు పాళ్ళతోనే మొదలుపెట్టారు."

ఒక కంటికి నీలంగానూ ఇంకో కంటికి పసుపుగానూ కనిపిస్తున్న ఫోటోలను, ఏదీ ముట్టుకోకుండా, మీటరు చెప్పింది చెప్పినట్టుగా నలభై ఎనిమిదీ అచ్చువేశాడు. ప్రతి ప్రింటు వెనకా తన పొడి సంతకం పెట్టడం ఆయన అలవాటు. చూశాను, బాగుంది అని దానర్థం. ఈసారి పెన్ను పట్టుకుని కూర్చుని, సంతకం పెట్టకుండానే అక్కయ్య వైపు జరిపాడు. ఆమె నలభై ఎనిమిదింటి వెనకా తన సంతకం పెట్టింది.

ఇరవై ఒకటిన ఆసుపత్రికి ముగ్గురం వెళ్ళాం. డాక్టరు ఫోటోలను బల్ల మీద పరిచింది. బావ వాటికేసి చూడకుండా ఆమె మొహం చూస్తూ నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళు ఎంతోమంది మొహాల రంగు దిద్దినవాడికి, ఆ మొహంలో ఏముందో ఒక్క ముక్క అర్థం కాలేదట. ఆమె తామర చూసింది, పక్కన పెట్టింది. దద్దుర్లు చూసింది. ఒక నల్లటి వీపు మీద ఊదా కలిసిన వాపు దగ్గర ఆగి, కళ్ళద్దాలు తీసి దగ్గరగా చూసింది. ఆ రోగి పేరు మా ముందు చెప్పలేదు గానీ, "ఈమె నాకు గుర్తుంది" అంది.

చివరికి రెండు ఫోటోలు పక్కకు తీసి తిరిగిచ్చింది. ఒకటి తను తీయడంలోనే మసకగా వచ్చిందట, ఇంకోటి తీసి పంపుతానంది. రెండోది మోచెయ్యి. తొమ్మిదిసార్లు అచ్చువేసి, తాడుకు వేలాడదీసి, కళ్ళు కాయలు కాసేలా చూసిన ఆ మోచెయ్యినే అట్ట మీద తలకిందులుగా అతికించారు. దానికి ఏ ప్రొఫైలూ బాధ్యత వహించదు.

"ఇవి ఎవరు సరిచూశారు?" అని డాక్టరు వెనక సంతకం చూసి అడిగింది.

"మా ఇంటావిడ," అన్నాడు బావ. "నేను కాగితాల వ్యాపారం."

వారం తర్వాత షాపు గాజు తలుపు మీద ఒక నోటీసు అంటించాడు. నేను రాసిస్తానన్నా ఒప్పుకోలేదు, తనే రాశాడు: "గత మూడేళ్ళలో ఇక్కడ అచ్చువేయించుకున్న ఫోటోలు తెస్తే మళ్ళీ వేసి ఇవ్వబడును. లోపం ప్రింటరుది కాదు, కాగితానిది కాదు. వేసినవాడిది." కాగితాల ఏజెంటు ఆ నోటీసు ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. లోపలికొచ్చి, "మాస్టారూ, కాగితానిది కాదన్న ముక్క మూడేళ్ళ ముందే రాసుంటే బాగుండేది" అన్నాడు. బావ అతనికి కుర్చీ వేశాడు. మూడేళ్ళలో అది మొదటిసారి.

నోటీసు చూసి ఇప్పటిదాకా పదకొండు మంది వచ్చారు. కొత్త ప్రింటూ పాతదీ పక్కపక్కన పెట్టి చూపించాడు. నలుగురు కొత్తది తీసుకున్నారు. ఏడుగురు చాలాసేపు ఆలోచించి, పాతదే బాగుందని అది పట్టుకుపోయారు. ఆ ఏడుగురిలో నేనూ ఉన్నాను. చల్లటి చోట తీశామని చెప్పేశాక మాట మార్చడం కష్టం.

ఎడమకన్నుకు ఆపరేషన్ వచ్చే నెల పన్నెండున. అప్పటిదాకా ప్రింట్లు చూసేటప్పుడు ఆ కన్ను అడ్డుపడకుండా, కళ్ళద్దాల ఎడమవైపు నల్ల కాగితం గుండ్రంగా కోసి అతికించుకున్నాడు. కోసింది అక్కయ్య, ఏరింది ఆయన. మూడు రకాలు పక్కన పెట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి, గంట సేపు చూశాడు. చివరికి తేల్చింది రెండు వందల ముప్పై గ్రాముల బరువున్న మ్యాట్ కాగితం.